నాంపల్లి రొట్టె, ఆబిడ్స్ రొట్టె

నేను పెళ్లయి నాంపల్లికి వచ్చిన ఏడాదే హైదరాబాదు కొత్త రాష్ట్రానికి రాజధాని అయింది. మా ఆయన నాంపల్లి స్టేషన్‌లో గూడ్సు గుమాస్తా. స్టేషన్ వెనక సందులో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. ఆ ఇంట్లో మా అత్తమ్మ నాకు మొదట నేర్పిన పని బల్ల రొట్టె చేయడం.

నెలకో ఆదివారం మా గుడిలో ప్రభువు బల్ల ఉండేది. రొట్టె విరిచి తలా ఒక ముక్క, చిన్న గ్లాసులో రెండు గుక్కల ద్రాక్షరసం ఇస్తారు. అంతమంది నోట్లోకి వెళ్లే ఆ రొట్టెను ఎవరో ఒకరు ఇంట్లో చేసి తేవాలి కదా. నాంపల్లి గుడి రేకుల షెడ్డుగా ఉన్ననాటి నుంచీ మా అత్తమ్మే చేసేది. ఆమె మెదక్ వైపు పల్లె నుంచి చిన్నప్పుడే వచ్చి దొరసానుల బంగళాలో ఆయాగా పనిచేసిన మనిషి. చదువు లేదు, సంఘంలో ఏ పదవీ లేదు. ఆ రొట్టె ఒక్కటే ఆమెకున్న గౌరవం.

శనివారం మధ్యాహ్నం తలస్నానం చేసి, కొంగు తలమీదికి లాక్కుని, జల్లించిన గోధుమపిండిలో చిటికెడు ఉప్పు వేసి, పాలు పోసి పిసికేది. పిసికినంతసేపూ పెదవి విప్పేది కాదు. వేలు మందాన మూడు రొట్టెలు చేసి సన్నటి సెగ మీద కాల్చేది. నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. రెండో ఏడాది ఒక శనివారం జల్లెడ నా చేతిలో పెట్టింది.

"ఇగ నువ్వు చెయ్యి బిడ్డా. నా చేతులు వణుకుతున్నయ్."

మర్నాడు మా పాస్టరు అయ్యగారు బల్ల దగ్గర నిలబడి నేను చేసిన రొట్టె విరిచినప్పుడు పుట్టిన ఆ చిన్న చప్పుడు నాకు చివరి వరసలో చాప మీద కూర్చున్నా వినిపించింది. ఆ రోజు నుంచి సంఘంలో నన్ను ఫలానా గుమాస్తా భార్య అనడం మానేశారు. రొట్టె చేసే కోడలు అన్నారు. ఇరవై ఏళ్లు నిండని నాకు ఆ మాట ఎంత తలకెక్కిందో ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది.

అయిదారేళ్లు అలా నడిచింది. తర్వాత పైనుంచి ఆ ఉత్తరం వచ్చింది.

మా గుడిని పెట్టిన మిషన్ వేరు, ఆబిడ్స్‌లో రాతితో పెద్ద చర్చి కట్టిన మిషన్ వేరు. దొరలు ఒక్కొక్కరే తమ దేశాలకు వెళ్లిపోతుండగా, రెండు మిషన్ల పెద్దలూ కూర్చుని ఇకమీదట రెండూ ఒకటే సభ అని తీర్మానించారట. పక్కపక్కనే రెండు తెలుగు సంఘాలెందుకు, ఇద్దరు పాస్టర్లెందుకు అన్నారట. ఇక నాంపల్లి వాళ్లంతా ఆదివారం ఆబిడ్స్ చర్చికే వెళ్లాలి. మా రేకుల గుడి మామూలు రోజుల్లో కుట్టుపని క్లాసులకూ, ఆడవాళ్ల కూటాలకూ పనికొస్తుంది. అయ్యగారు ఆ ఉత్తరం చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. వెనక నుంచి ఒక ముసలాయన లేచి అడిగాడు.

"అయ్యగారూ, గాడ చాపలుంటయా?"

అందరూ నవ్వారు గానీ ఆ ప్రశ్న ఉత్తినే అడిగింది కాదు. మేం చెప్పులు బయట విడిచి, ఆడా మగా చెరోవైపు చాపల మీద కూర్చునేవాళ్లం. అక్కడ బెంచీలు, కాళ్లకు బూట్లు. మేం కీర్తనలు నోటికి పాడేవాళ్లం. వాళ్లు పుస్తకం తెరిచి పాడేవాళ్లు. ఆర్నెల్లపాటు ప్రతిదానికీ ఒక కమిటీ కూర్చుంది. వాళ్లు ఆరుగురు, మావాళ్లు ఆరుగురు. చివరికి చర్చి ముందుభాగంలో రెండు బెంచీలు తీసేసి, కింద కూర్చునేవాళ్ల కోసం జంపఖానా పరిచారు. ఒక ఆదివారం కీర్తనలు, ఒక ఆదివారం పుస్తకం పాటలు అనుకున్నారు. చిన్న గ్లాసులు పోయి అందరికీ ఒకే వెండి గిన్నె వచ్చింది. దాని మీద వచ్చిన గొడవ రాస్తే మరో పుస్తకమవుతుంది.

రొట్టె సంగతి తేల్చడానికి మాత్రం వాళ్లకు అయిదు నిమిషాలు పట్టలేదు. ఒక నెల నాంపల్లి రొట్టె, ఒక నెల ఆబిడ్స్ రొట్టె అని రాసుకున్నారు. కమిటీలో ఉన్న మా ఆయన ఇంటికొచ్చి అది శుభవార్తలా చెప్పాడు.

"ఆబిడ్స్‌ల ఎవరు చేస్తరు?" అన్నాను.

"టీచరమ్మ."

ఆమెను అప్పటికే చూశాను. గుంటూరు వైపు మనిషి. భర్త సెక్రటేరియట్‌లో ఉద్యోగి, రాజధానితో పాటు కర్నూలు నుంచి వచ్చారు. ఆమె బషీర్‌బాగ్‌లో ఆడపిల్లల బడిలో టీచరు. పొడుగ్గా ఉండేది. గంజి పెట్టిన చీర ఆరాధన అయ్యేసరికి కూడా నలిగేది కాదు. అందరినీ అండీ అనేది, చీపురు పట్టే ఆమెను కూడా. ఆ మర్యాదను చూసి మావాళ్లంతా మురిసిపోతుంటే నాకు ఒళ్లు మండేది.

మొదటి నెల నా రొట్టె. రెండు సంఘాలకూ ఇప్పుడు మా అయ్యగారే. ఆయన విరిచారు, అందరూ తిన్నారు, అయిపోయింది. రెండో నెల ఆమెది. బల్ల మీది తెల్లగుడ్డ తీయగానే కనపడింది, గుండ్రంగా, పొంగి, పైన సిలువ గుర్తుతో, బాదం రంగులో. వాసన మా జంపఖానా దాకా వచ్చింది. అయ్యగారు విరిస్తే చప్పుడే లేదు, దూదిలా విడిపోయింది. నా నాలుక మీద పెట్టిన ముక్కను నేను నమలకుండా అలాగే ఉంచుకున్నాను, ఏదైనా లోపం దొరుకుతుందేమోనని. దొరకలేదు. ప్రభువు శరీరమని ఇచ్చిన దాన్ని నోట్లో పెట్టుకుని నేను చేసిన పని అది.

ఇంటికి నడిచి వస్తుంటే అత్తమ్మ అంది. అప్పటికి ఆమెకు పళ్లు నాలుగో అయిదో మిగిలాయి.

"గా టీచరమ్మ రొట్టె నోట్ల ఏసుకోంగనే కరిగిపాయె బిడ్డా. మస్తుగ చేసింది."

నాకు రొట్టె నేర్పిన మనిషి, తన చేతి జల్లెడ నా చేతిలో పెట్టిన మనిషి, ఆ మాట ఎంత తేలిగ్గా అందో! మా ఆయన వెనక నుంచి "ఔ, మంచిగుంది గద" అన్నాడు. ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడటం లేదో ఆయనకు తెలియలేదు, నేను చెప్పలేదు.

అప్పటి నుంచి ఆరాధన నాకు రెండు రకాలైంది. నా నెలలో బల్ల అయ్యాక పళ్లెంలో ఎన్ని ముక్కలు మిగిలాయో మెడ చాచి చూసేదాన్ని. ఆమె నెలలో మిగిలిన ముక్కల కోసం పిల్లలు పక్క గది గుమ్మం దగ్గర మూగేవాళ్లు. నా రొట్టె మిగిలితే గుడి తోటలో పిచ్చుకలకు వేసేవాళ్లు. ఒకసారి అయ్యగారు మనసులో ఏమీ పెట్టుకోకుండా "టీచరమ్మ రొట్టె ముసలివాళ్లకు సుఖంగా ఉంటుందమ్మా" అన్నారు. "ఔనయ్యగారూ" అని నవ్వాను. ఆ నవ్వు ఇల్లు చేరేదాకా మొహం మీద అలాగే బిగుసుకుపోయింది.

ఆమెలా చేయాలని నేనూ ప్రయత్నించాను. ఎవరికీ చెప్పలేదు. ఆబిడ్స్‌లో ఒక బేకరీ అతన్ని అడిగితే, "ఖమీర్ గావాలమ్మా, మైదా గావాలె, భట్టీ గావాలె" అని, పులిసిన పిండి ముద్ద ఒకటి ఆకులో చుట్టి ఇచ్చాడు. రొట్టెలు కాల్చే ఆ భట్టీ నాకెక్కడిది? మట్టికుండలో ఇసుక పోసి, మూతమీద నిప్పులు వేసి, కుంపటి మీద పెట్టాను. గంట తర్వాత చూస్తే పైన బొగ్గు, లోపల పచ్చిపిండి. పక్కింటి గుమాస్తా భార్య వాసన పట్టి వచ్చింది. వాళ్లది తరతరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబం, మాకు మంచి స్నేహం.

"ఏంది అక్కా, ఏమో మాడుతుంది?"

"పప్పు" అన్నాను.

ఆమె కుండలోకి తొంగి చూసింది. అబద్ధం నిలవలేదు. అంతా చెప్పేశాను. విని ఆమె ఆశ్చర్యపోయింది.

"మీ దేవుడి ప్రసాదం ఎవరు చేస్తే ఏందక్కా? గీ దానికి గింత ఫికరా?"

"నీకు తెల్వదు" అన్నాను. తెలియనిది నాకే. అయినా ఆ మాట అన్నందుకు ఆమె మీద కూడా కోపమొచ్చింది.

టీచరమ్మకు నా మనసు తెలియదు. ఎదురైనప్పుడల్లా పలకరించేది. "మీరు పిండి ఎంతసేపు పిసుకుతారండీ? మీ రొట్టె భలే గట్టిగా నిలుస్తుంది, చక్కగా విరుగుతుంది" అంది ఒకసారి. 'గట్టిగా' అన్న ఒక్క మాటే పట్టుకుని ఇంటికొచ్చాను. నెలల తరబడి దాన్ని నలుపుకున్నాను. సంవత్సరాలే అనాలేమో. పిల్లలు పుట్టారు, బడికి వెళ్లారు, అత్తమ్మ పళ్లన్నీ ఊడిపోయాయి, నేను మాత్రం ఒక నెల విడిచి ఒక నెల కుళ్లుకుంటూనే ఉన్నాను. నాంపల్లి వాళ్లు కింద కూర్చోవడం మానేసి మెల్లమెల్లగా బెంచీలెక్కారు. మా పిల్లలు పుస్తకం చూసి పాడుతున్నారు. రెండు సంఘాలు నిజంగానే కలిసిపోతున్నాయి. కలవనిది నేనొక్కదాన్నే.

అప్పుడు తెలంగాణ గొడవల ఏడాది వచ్చింది. బళ్లు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి. ఉద్యోగాల మాట, స్థానికులకే కొలువులన్న ముల్కీ మాట ప్రతి ఇంట్లోనూ వినపడేది. మా ఆయన తమ్ముడికి ఉద్యోగం రాని బాధ నిజమే, మా సందులో ఇంకెంతమందికో ఆ బాధ నిజమే. ఆ కోపంలో న్యాయం లేదని నేననను. కానీ నేను దాన్ని వాడుకున్న తీరులో న్యాయం లేదు.

ఆ రోజు మధ్యాహ్నం పాత నాంపల్లి గుడిలో ఆడవాళ్ల కూటం. ఎక్కువమంది మావాళ్లే. ప్రార్థన మొదలుకాకముందు ఎవరి గోడు వాళ్లు చెప్పుకుంటున్నారు. నాకు ఏమైందో, గట్టిగా అన్నాను.

"కొలువులు గుంజుకున్నరు, ఇండ్లు గుంజుకున్నరు. ఆఖర్కి దేవుని బల్ల మీది రొట్టె గూడ గుంజుకున్నరు!"

అందరూ పకపక నవ్వారు. ఏళ్ల తరబడి నా లోపల కుమిలిన దానికి ఒక్కసారిగా అంతమంది మద్దతు దొరికింది. ఇది నా కడుపు మంట కాదు, అందరి కష్టమే అనిపించి ఎంత హాయిగా ఉందో! నేనూ నవ్వుతూ తలుపు వైపు తిరిగాను. టీచరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. బస్సులు లేక ఇంటి నుంచి నడిచొచ్చినట్టుంది, మొహం చెమటతో తడిసి ఉంది. మొదటిసారి ఆమె చీర నలిగి కనిపించింది.

నవ్వులు ఆగిపోయాయి. ఆమె వంగి చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, చాప చివర కూర్చుంది. పాట పాడింది. ప్రార్థన చేయమంటే చేసింది. కూటం అయ్యాక నా దగ్గరికి వచ్చింది.

"వచ్చే నెల రొట్టె మీరే చేయండమ్మా. ఆ తర్వాత కూడా మీరే చేయండి."

"గట్ల గాదు టీచరమ్మా, నేనేదో..."

"పరవాలేదండీ" అని వెళ్లిపోయింది.

హిమాయత్‌నగర్‌లో వాళ్లు అప్పటికే ఇల్లు కట్టుకుంటున్నారు. రెండు నెలల్లో అక్కడికి మారి, ఆ పక్కనే ఉన్న సంఘానికి వెళ్లడం మొదలుపెట్టారు. ఇల్లు మారినందుకే అనుకున్నారు చాలామంది. కూటంలో ఉన్న ఆడవాళ్లెవరూ నోరెత్తలేదు.

నేను గెలిచాను. ప్రతి నెలా నా రొట్టే. మొదటి రెండు నెలలు నిజంగానే సంతోషపడ్డాను. మూడో నెల ఒక పిల్ల నా పక్కన కూర్చుని వాళ్లమ్మ చెవిలో, అందరికీ వినపడేలా, "ఇయ్యాల గూడ గట్టి రొట్టేనా?" అంది. తల్లి దాని తొడ మీద గిల్లింది. మనిషి కళ్లముందు లేకపోయినా ఆమె రొట్టె అక్కడే ఉంది, నా రొట్టె పక్కనే. ఉన్నప్పుడు నెల విడిచి నెలైనా నాకు విశ్రాంతి ఉండేది. ఇప్పుడు ప్రతి నెలా పోలికే.

మూడేళ్ల తర్వాత అత్తమ్మ మంచం పట్టింది. దవాఖానాలో చూపించాం, వయసు మీదపడిందన్నారు. గుడికి రాలేదు కాబట్టి అయ్యగారే బల్లను ఇంటికి తెచ్చారు. నేను చేసిన రొట్టెలో చిటికెడు ముక్కను ద్రాక్షరసంలో నానబెట్టి నోట్లో పెట్టారు. చాలాసేపు చిగుళ్లతో నమిలింది. మింగలేక దగ్గింది. నేనే వేలుపెట్టి తీయాల్సి వచ్చింది. అయ్యగారు వెళ్లాక నా చేయి పట్టుకుంది.

"బిడ్డా, గా మెత్తటిది లేదా? టీచరమ్మది?"

ఆ రాత్రంతా ఏం ఆలోచించానో చెప్పను. పొద్దున్నే బస్సెక్కి హిమాయత్‌నగర్ వెళ్లాను. ఇల్లు అడుగుతూ అడుగుతూ పోతే గేటు దగ్గర ఆమే కనపడింది, మొక్కలకు నీళ్లు పోస్తూ. జుట్టు సగం తెల్లబడింది.

"రండి, రండి" అంది. ఆ పిలుపులో ఏ వెలితీ లేదు. దాంతో నాకు ఇంకా కష్టమైంది. కూర్చోబెట్టి టీ ఇచ్చింది. నేను అత్తమ్మ సంగతి చెప్పి, "మీ రొట్టె అడుగుతుంది" అన్నాను. ఆ ఒక్క మాట అనడానికి టీ చల్లారిపోయింది.

"ఇవాళే వస్తాను. బడి అయ్యాక సామాను తీసుకుని వచ్చేస్తాను" అంది.

సాయంత్రం రిక్షాలో వచ్చింది. ఒళ్లో రేకు డబ్బాలాంటి ఓవెను, సంచీలో పిండి. కుంపటి మీద ఆ డబ్బా పెట్టి, నా పీట మీద కూర్చుని పిండి కలిపింది. మా అత్తమ్మలా మౌనంగా కాదు. పిసుకుతున్నంతసేపూ మాట్లాడుతూనే ఉంది, బడి గురించి, మోకాళ్ల నొప్పుల గురించి. నేను కుంపటి విసురుతూ కూర్చున్నాను. ఇక ఆపుకోలేక అనేశాను.

"టీచరమ్మా, ఆనాడు నేనన్న మాటకు... నన్ను మాఫ్ చెయ్యిన్రి. గొడవలకూ దానికీ సంబంధం లేదు. మీ రొట్టె మీద కుళ్లుతోటే అన్న."

ఆమె చేతులు ఆగాయి.

"తెలుసండీ. ఆ రోజు వినగానే తెలిసింది. నేను మాత్రం తక్కువ తిన్నానా? మా ఇంట్లో మీ రొట్టెని చెప్పు అట్ట అనేదాన్ని. మావారు కోప్పడేవారు."

నేను మళ్లీ కుంపటి విసరసాగాను. ఆమె పిండి వైపే చూస్తూ మెల్లగా అంది. "మీ వాళ్లంతా మిమ్మల్ని అక్కా, వదినా, బిడ్డా అంటారు. మీరు లోపలికి వస్తే పదిమంది జరిగి చోటిస్తారు. పదేళ్లు ఆ చర్చిలో ఉన్నాను. ఒక్కరు కూడా నన్ను అక్కా అనలేదండీ. టీచరమ్మా అనే అన్నారు. ఆదివారం ఇంటికెళ్లి ఏడ్చేదాన్ని."

ఆమె బాధకు నేను కరిగిపోయానని రాస్తే బాగుంటుంది. కరిగాను కూడా, తర్వాత. కానీ ఆ క్షణంలో ముందు కలిగింది సంతోషం. ఇన్నేళ్లూ ఆమె కూడా నన్ను చూసి ఏడ్చిందని తెలిసి లోపల ఎక్కడో చల్లబడింది. దానికి సిగ్గుపడటానికి నాకు ఇంకో రెండు రోజులు పట్టింది.

మర్నాడు అయ్యగారు వచ్చి ఆ రొట్టె ముక్క ఇచ్చారు. అత్తమ్మ కళ్లు మూసుకుని మింగింది. టీచరమ్మ చేయి వెతుక్కుని పట్టుకుంది. "నా బిడ్డ గూడ మంచిగనే చేస్తది" అంది ఆమెతో, నన్ను చూపిస్తూ. "జర గట్టిగైతది, గంతే."

పన్నెండు రోజుల తర్వాత అత్తమ్మ పోయింది. టీచరమ్మ వచ్చింది, పొద్దంతా కూర్చుంది. ఈసారి మావాళ్లలో ఇద్దరు ముగ్గురు ఆమెను "అక్కా, జర ఇట్ల కూసో" అని పక్కకు పిలిచారు. నేను విన్నాను. నాకు కొంచెం గుచ్చుకుంది, అబద్ధమెందుకు.

ఆమె మళ్లీ మా చర్చికి రాలేదు. హిమాయత్‌నగర్ సంఘంలో ఆమె చేతి రొట్టెకు పేరొచ్చిందని వినేదాన్ని. నాకు ఆ రొట్టె పద్ధతి నేర్పింది. ఆ డబ్బా ఓవెను కూడా ఇచ్చేసి తాను కొత్తది కొనుక్కుంది. నేను చేశాను. మావాళ్లు మెచ్చుకున్నారు. ఆమె చేసినంత మెత్తగా మాత్రం ఒక్కసారీ రాలేదు, కావాలనే ఏదో ఒకటి చెప్పకుండా దాచుకుందేమో అని చాలాకాలం అనుమానపడ్డాను. ఏమీ దాచలేదు. చేయి తేడా, అంతే.

డెబ్బైల నడిమిలో మా సభ పెద్ద ఆఫీసు మరోసారి మార్పులు చేసింది. సరిహద్దులు మార్చారు, సంఘాలను కొత్తగా పంచారు, మాకు చిన్న వయసు పాస్టరు వచ్చాడు. ఒక ఆదివారం నన్ను పక్క గదిలోకి పిలిచి ఎంతో మొహమాటపడుతూ చెప్పాడు. ఇకమీదట అన్నిచోట్లా ఒకేలా ఉండాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. యంత్రం మీద అచ్చులు కొట్టిన పల్చటి రొట్టె బిళ్లలు డబ్బాల్లో వస్తాయట. ఇన్నేళ్ల మీ సేవకు సంఘం కృతజ్ఞతలు చెబుతుందమ్మా అన్నాడు. నేను ఏడుస్తానని భయపడుతున్నట్టున్నాడు, రుమాలు చేతిలో పట్టుకునే నిలబడ్డాడు.

నా నోటి నుంచి మొదట వచ్చిన మాట ఇది.

"హిమాయత్‌నగర్‌ల గూడనా అయ్యగారూ?"

"అన్ని సంఘాలకూ అమ్మా."

"అయితే సరే" అన్నాను. ఇంటికెళ్లి కడుపునిండా అన్నం తిన్నాను.